ఖాళీగా వదిలేసిన ఏడో ప్రశ్న

2007 జూన్ రెండో వారంలో నన్ను గోదావరిఖనిలోని కంపెనీ హైస్కూలు నుంచి ట్రైనింగ్ సెంటరుకు డెప్యుటేషన్ మీద పంపారు. ఉత్తర్వులో నా హోదా 'ఇన్‌స్ట్రక్టర్, ఇంగ్లీషు' అని ఉంది. అప్పటికి పంతొమ్మిదేళ్లుగా పిల్లలకు గ్రామరు చెబుతున్నాను. ఇకమీదట నా విద్యార్థులు ఇరవై ఎనిమిది మంది గని సర్దార్లు. వాళ్ళలో కొందరి పిల్లలకు నేనే పదో తరగతిలో వీపు మీద నాలుగు అంటించి ఉంటాను.

చేరిన రోజునే నాకు లైబ్రరీ బాధ్యత కూడా అంటగట్టారు. లైబ్రరీ అంటే ఒక ఇనుప బీరువా. 'పుస్తకాలన్నీ స్వయంగా చూసుకొని స్వాధీనం చేసుకున్నాను' అన్న జాబితా కింద గుమాస్తా వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేశాను. బీరువా తాళంచెవి జేబులో వేసుకున్నాను కానీ తాళం తీయలేదు. ఇందులో చెప్పుకోవాల్సిన విశేషం ఉందని ఆనాడు నాకు తోచలేదు. ఆఫీసుల్లో అందరూ చేసే పనే.

గనుల సంగతి తెలియనివారి కోసం హోదాల గురించి కొంచెం చెప్పాలి. భూగర్భ గనిని కొన్ని భాగాలుగా విడదీస్తారు. ఒక్కో భాగాన్ని డిస్ట్రిక్టు అంటారు. ఒక షిఫ్టులో ఒక డిస్ట్రిక్టుకు బాధ్యుడు సర్దార్. కార్మికులు లోపలికి అడుగు పెట్టకముందే అతను వెళ్ళి పైకప్పు గట్టిగా ఉందా, గాలి ఆడుతోందా, గ్యాసు ఉందా అని చూస్తాడు. అతను సరే అన్నాకే మిగిలినవాళ్ళు పనిచోటుకు పోతారు. చూసినదంతా రిపోర్టు పుస్తకంలో రాసి సంతకం చేస్తాడు. తర్వాతి షిఫ్టు సర్దార్ దాన్ని చదివి, చదివినట్టు తానూ సంతకం చేశాకే గనిలోకి దిగుతాడు. సర్దార్ పైన ఓవర్‌మెన్ ఉంటాడు. కొన్ని డిస్ట్రిక్టులు అతని కింద ఉంటాయి. ఒక చోట పని నడవాలా, ఆపాలా అన్న మాట షిఫ్టులో ముందుగా అతనిదే. సర్దార్లు ఓవర్‌మెన్ కావాలంటే సర్టిఫికెట్ పరీక్ష పాసవ్వాలి. ఆ పరీక్షకు వాళ్ళను ఇంగ్లీషులో తయారుచేయడం నా పని. గడువు మూడు నెలలు. వారానికి మూడు మధ్యాహ్నాలు, ఫస్ట్ షిఫ్టు దిగివచ్చి స్నానం చేసినవాళ్ళు, తలలో నూనె, కళ్ళలో నిద్ర పెట్టుకొని వచ్చి కూర్చునేవారు.

మా ఇల్లు మంథని. తాతగారు గుడి అర్చకత్వం చేస్తే నాన్నగారు బడిపంతులయ్యారు. పిల్లల్ని కసురుకోవడం, వ్యాకరణం, ఈ రెండూ నాకు వారసత్వంగా వచ్చిన ఆస్తి. గోదావరిఖనిలో ఇరవై ఏళ్ళు కాపురమున్నా ఒక్కసారి కూడా గనిలోకి దిగలేదు. ఎవరైనా రమ్మంటే బి.పి. ఉందనేవాణ్ణి. నాకు బి.పి. లేదు, భయం ఉంది.

మొదటి వారం నా పాఠం ఘోరంగా నడిచింది. కర్త, క్రియ అనే జంట లేకుండా ఒక అర్థాన్ని ఇచ్చే పదాల గుంపును ఫ్రేజు, అంటే పదబంధం, అంటారని బోర్డు మీద రాశాను. నౌన్ ఫ్రేజు, వెర్బ్ ఫ్రేజు, ప్రిపొజిషనల్ ఫ్రేజు అని గీతలు గీసి గడులు కట్టాను. వెనక బెంచీలో సమ్మయ్య అనే సర్దార్, మనిషి మహా మాటకారి, లేచి నిలబడి అడిగాడు. "సారు, ఇవన్ని మంచిగనే ఉన్నయి గాని, బాయిల యాడుంటయి ఇవి?"

బాయి అంటే గని. అందరూ నవ్వారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. బాయిలో ఏముంటాయో చెబితే అదే బోర్డు మీద రాస్తానన్నాను. ప్రాపు అన్నారు, జంక్షన్ అన్నారు. ప్రాపు అంటే పైకప్పు కూలకుండా నిలబెట్టే గుంజ. సొరంగాలు కలిసే చోటు జంక్షన్. నేను ఒక వాక్యం రాశాను: ది ఓల్డ్ ప్రాప్ నియర్ ది సెకండ్ జంక్షన్ ఈజ్ బ్రోకెన్. విరిగింది ఏమిటని అడిగాను. స్కూల్లో అయితే సగం మంది పిల్లలు జంక్షన్ అంటారు. ఎందుకంటే 'ఈజ్' పక్కనే ఉన్న మాట అదే. ఇక్కడ ఒక్కరూ అనలేదు. జంక్షన్ ఎట్లా విరుగుతుందని నన్నే ఎదురు అడిగారు.

అప్పుడే ఆశీర్వాదం నా కంట పడ్డాడు. నలభై నాలుగేళ్ళ మనిషి, ఎడమ చెవి మీద నల్లటి బొగ్గు మచ్చ. దెబ్బ తగిలినప్పుడు బొగ్గు చర్మంలోకి పోతే అది ఇక వదలదు. తండ్రి కూడా గని మనిషే, గోలేటి వైపు సర్దార్‌గా చేశాడు. ఆశీర్వాదం పెన్సిల్ తిరగేసి పట్టుకొని, బోర్డు మీది వాక్యాన్ని పెదవుల్లో చదువుకుంటూ బల్ల మీద కొడుతున్నాడు. ది ఓల్డ్ ప్రాప్, టక్. నియర్ ది సెకండ్ జంక్షన్, టక్. ఈజ్ బ్రోకెన్, టక్. సరిగ్గా పదబంధం ఎక్కడ ముగుస్తుందో అక్కడే దెబ్బ పడుతోంది. ఒకసారి 'నియర్ ది' దగ్గర ఆగి కొట్టాడు, తల అడ్డంగా ఊపాడు, మళ్ళీ మొదటికి పోయాడు.

ఏం చేస్తున్నావయ్యా అని అడిగాను.

"కప్పు కొట్టి చూసినట్టు చూస్తున్న సారు," అన్నాడు. "కర్రతోటి రూఫ్ మీద కొడితే గట్టిగున్న కాడ ఒక తీరు మోగుతది, లోపట పగులున్న కాడ బోలుగ మోగుతది. గిది గూడ గట్లనే ఉన్నది. 'నియర్ ది' అని ఆగితే బోలుగున్నది. 'జంక్షన్' దాక పోతే గట్టిగైంది."

పదబంధాన్ని విరగ్గొట్టకూడని చోట విరిస్తే అర్థం నిలవదన్న సంగతిని నేను పుస్తకాల నుంచి నేర్చుకున్నాను. అందుకు నాకు రెండేళ్ళు పట్టింది. ఈ మనిషి పెన్సిల్ తోకతో బల్ల కొట్టి పది నిమిషాల్లో పట్టుకున్నాడు.

ఆ తర్వాత పాఠం గాడిన పడింది. ఒక పదబంధం మొత్తాన్ని తీసేసి దాని స్థానంలో 'ఇట్' అనే ఒక్క మాట పెట్టి చూడమనడం గ్రామరులో ఒక పరీక్ష. వాక్యం నిలిస్తే అది ఒక పదబంధమే. ఇది చెప్పగానే వాళ్ళకు షిఫ్టు బదిలీ గుర్తొచ్చింది. రిలీఫ్ మనిషి వస్తే పాత మనిషి జాగా మొత్తం అతనే చూసుకుంటాడు, సగం కాదు. అట్లాగే పదబంధంలో తల మాట ఏదని అడిగితే, బరువు మోసేది ఏదో అదే అన్నాడు ఆశీర్వాదం. "ప్రాపే మోస్తది సారు. 'ఓల్డ్', 'నియర్ ది జంక్షన్' ఇవన్ని దానికి బిగించిన చెక్కలు." తెలుగులో క్రియ చివర వస్తుందనీ ఇంగ్లీషులో నడుమనే వస్తుందనీ చెప్పినప్పుడు, ఇంగ్లీషు రిపోర్టు చదివేవాడికి సంగతి ముందే తెలిసిపోతుందని మెచ్చుకున్నాడు. ఇంగ్లీషు వ్యాకరణాన్ని ఎవరైనా మెచ్చుకోగా వినడం నాకు అదే మొదలు.

ఇంత ఆత్రంగా ఎందుకు చదువుతున్నావని ఒకరోజు అడిగాను. మరుసటి ఏడు తనకు నలభై అయిదు నిండుతాయనీ, ఆ వయసు దాటినవారిని ఈ క్లాసుకు తీసుకోరనీ చెప్పాడు. ఇదే ఆఖరు అవకాశం. జీతం కోసమా అంటే కాదన్నాడు. "సర్దార్ జాగ బాగలేదు అంటడు. పని ఆపాల్నా వద్దా అనేది ఓవర్‌మెన్ చెప్తడు. ఆ చెప్పే మనిషి కావాలె సారు నేను." అంతకంటే వివరంగా చెప్పలేదు.

సెప్టెంబరులో సెంటరు సొంత పరీక్ష పెట్టాం. వందకు యాభై మార్కులు వచ్చినవారి పేర్లే జాబితాలోకి వెళతాయి. జాబితాలో ఉన్నవారికే చదువుకోవడానికి డ్యూటీ నుంచి విడుపు, పై పరీక్షకు సిఫారసు. పేపరు నేనే తయారు చేశాను. ఏడో ప్రశ్నకు ముప్పై మార్కులు. దాని మీద నాకు చాలా గర్వంగా ఉండేది. 'మీరు నాలుగో నంబరు డిస్ట్రిక్టు సర్దార్ అని ఊహించుకొని, ఆనాటి తనిఖీ రిపోర్టును ఇంగ్లీషులో అర పేజీ రాయండి.' వాళ్ళ పనికి దగ్గరగా ఉంటుందని పెట్టిన ప్రశ్న. పరీక్ష ఆదివారం జరిగింది.

మంగళవారం మార్కులు వేస్తుంటే ఆశీర్వాదం పేపరు వచ్చింది. మొదటి ఆరు ప్రశ్నలకు డెబ్బైకి నలభై నాలుగు. పదబంధాలు విడదీయమన్న ప్రశ్నలో ఒక్క తప్పు లేదు. ఏడో ప్రశ్న నంబరు వేసి, కింద అర పేజీ ఖాళీగా వదిలేశాడు. ఒక్క వాక్యం రాసినా ఆరు మార్కులు ఇచ్చేవాణ్ణి. యాభైకి చేరేవాడు.

నాకు వచ్చిన కోపం మామూలుది కాదు. మర్నాడు క్లాసులో అందరి ముందూ పేపరు బల్ల మీద పడేసి నిలదీశాను. మూడు నెలలు నా ప్రాణం తోడి ఇదా చేసేది, రాకపోతే రాలేదని ఏడవొచ్చు కదా, చేతికందింది కాలదన్నుకుంటావా అని నోటికొచ్చినట్టు అరిచాను. ఆశీర్వాదం నిలబడి విన్నాడు. నేను ఆయాసపడి ఆగాక మెల్లగా అన్నాడు.

"రాయనీకి వస్తది సారు. గాని నేను చూడని జాగ మీద ఎట్ల రాస్త? సంతకం గూడ పెట్టాల్నాయె."

ఊహించుకొని రాయమన్నాను కదా అన్నాను.

"రిపోర్టు ఊహించుకొని రాస్తరా సారు?" అని అడిగాడు. ఎగతాళి లేదు. నిజంగానే అడిగాడు.

నేను బయటికి వచ్చేశాను. స్టాఫ్ రూములో కూర్చొని, ఎందుకో మిగిలిన ఇరవై ఏడు పేపర్లూ మళ్ళీ ముందేసుకొని ఏడో ప్రశ్న ఒక్కటే చదవడం మొదలుపెట్టాను. మొదటిసారి నేను వాటిలో వ్యాకరణం తప్పులే వెతికాను. ఈసారి వాళ్ళు ఏం రాశారో చదివాను. ఒక్కరంటే ఒక్కరు నాలుగో డిస్ట్రిక్టు గురించి రాయలేదు. ప్రతివాడూ తన సొంత డిస్ట్రిక్టు నంబరు వేసుకున్నాడు. పరీక్ష ఆదివారమైతే తేదీ మాత్రం శనివారానిది, అంటే వాళ్ళు చివరిసారి దిగిన షిఫ్టుది. సమ్మయ్య ఏకంగా ప్రశ్నపత్రంలో నాలుగును కొట్టేసి రెండు అని దిద్దాడు. ఇవన్నీ ప్రశ్న సరిగా అర్థం కాక చేసిన తప్పులని నేను ఒక్కొక్కరికీ అయిదేసి మార్కులు కోసి ఉన్నాను. కోసిన చోటల్లా నా ఎర్ర సిరా కనిపిస్తోంది.

ఇరవై ఏడు మంది ఒకరినొకరు చూసుకోకుండా ఒకే తప్పు చేశారు. ఒకే తప్పు ఇంతమంది చేస్తే అది తప్పు కాకపోవచ్చునని నాకు అప్పుడు తట్టింది. అబద్ధమాడటానికి మార్కులిస్తానన్నా వీళ్ళకు చెయ్యి రాలేదు.

ఆశీర్వాదం మాత్రం తన డిస్ట్రిక్టు గురించి ఎందుకు రాయలేదో తెలియలేదు. సాయంత్రం అతన్ని పిలిపించి, కోప్పడినందుకు ఏమీ అనుకోవద్దని చెప్పి అడిగాను. పరీక్షకు ముందు వారమంతా జ్వరంతో సెలవులో ఉన్నానని చెప్పాడు. "వారం కింద చూసింది చూసినట్టు గాదు సారు. బాయి రోజుకో తీరు ఉంటది."

తర్వాత తండ్రి సంగతి చెప్పాడు. చాలా ఏళ్ళ కిందటి మాట. ఆ గని ఇప్పుడు లేదు. తండ్రి మంచి సర్దార్ అనే పేరున్నవాడు. ఒకరోజు ఆలస్యమై, లోపలికి పోకముందే పైనే రిపోర్టు పుస్తకంలో 'పైకప్పు బాగున్నది' అని అంతకుముందు షిఫ్టు వాక్యాన్నే దించి సంతకం చేశాడు. ఎట్లాగూ పోయి చూస్తాను కదా అనుకున్నాడు. పోయేసరికే ఒక టింబర్‌మెన్, అంటే ప్రాపులు నిలిపే కార్మికుడు, పుస్తకంలో సంతకం ఉందని పనిచోటుకు చేరాడు. రాయి పడింది.

"చచ్చిపోయింది మా మేనత్త మొగడు. మా మామ. నాకప్పుడు పదిహేడేండ్లు. విచారణ జరిగింది, శిక్ష పడ్డది, అన్ని అయిపోయినయి. గాని మా బాపు మళ్ళ పెన్ను ముట్టలే సారు. మంచిగ చదువొచ్చిన మనిషి. పెన్షన్ కాయితాల మీద గూడ ఏలిముద్రనే ఏసిండు."

చెప్పే మనిషి కావాలని అతను ఎందుకన్నాడో నాకు తెలిసింది.

ట్రైనింగ్ ఆఫీసర్ గారు మైనింగ్ ఇంజనీరు, నిబంధన దాటని మనిషి. శనివారం జాబితా పోవాలి. ఆశీర్వాదానికి ఏడో ప్రశ్న మళ్ళీ పెడతాననీ, ఈసారి నిజమైన జాగా చూసి వచ్చి రాస్తాడనీ చెప్పాను. ఆయన నా ముఖం చూసి ఒకటే అడిగారు. అతను రాసింది నిజమో కాదో మీరెట్లా మార్కులేస్తారు? నేను నోరు తెరిచేలోపు తానే చెప్పారు. పేపరు పెట్టినవారే కూడా దిగి చూస్తే తనకు అభ్యంతరం లేదు. పర్మిట్ రాయించి చేతిలో పెట్టారు. బి.పి. మాట నోటిదాకా వచ్చి ఆగింది.

శుక్రవారం ఫస్ట్ షిఫ్టు. ల్యాంపు రూములో నాకొక దీపమున్న టోపీ, నడుముకు దాని బ్యాటరీ, కాళ్ళకు సైజు పెద్దదైన బూట్లు ఇచ్చారు. జేబులు తడిమి అగ్గిపెట్టె, సిగరెట్టు లేవని చూశారు. నా పేరు రిజిస్టరులో ఎక్కించి ఒక నంబరు బిళ్ళ ఇచ్చారు. బయటికి రాగానే అది తిరిగి ఇవ్వాలి. ఇవ్వకపోతే ఇంకా లోపలే ఉన్నట్టు లెక్క. ఆశీర్వాదం ముందు రిపోర్టు పుస్తకం తీసి రాత్రి షిఫ్టు సర్దార్ రాసింది చదివాడు. చదివి సంతకం చేసి, ఎడమ చేతిలో గ్యాసు చూసే దీపం, కుడి చేతిలో కర్ర పట్టుకొని వాలుదారిలో దిగాడు. వెనక నేను.

రెండు వందల అడుగులు దిగాక వెనక్కి తిరిగి చూస్తే గని నోరు రూపాయి బిళ్ళంత తెల్లగా కనిపించింది. ఇంకో మలుపు తిరిగాక అదీ లేదు. ఒకచోట ఆశీర్వాదం తన టోపీ దీపం ఆర్పి, గ్యాసు దీపాన్ని మలుపు అవతల పెట్టి వచ్చి, భయం లేదంటే నన్నూ ఒకసారి దీపం ఆర్పమన్నాడు. ఆర్పాను. నా చెయ్యి నా ముఖం ముందే పెట్టుకున్నాను, కనిపించలేదు. అంత చీకటి నేను ఎక్కడా చూడలేదు. ఈ చీకట్లోకి ఈ ఊళ్ళోని వేలమంది రోజూ టిఫిన్ డబ్బా పట్టుకొని దిగుతారు. సాయంత్రం నా దగ్గరికే వచ్చి పిల్లవాడి ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం చేసి పోతారు. ఇరవై ఏళ్ళుగా నేను వాళ్ళ పిల్లల స్పెల్లింగుల మీద కోప్పడుతూ ఉన్నాను.

డిస్ట్రిక్టు చేరాక అతను నాతో మాట్లాడటం మానేశాడు. మంట తగ్గించిన దీపాన్ని మెల్లగా కప్పు దాకా ఎత్తి, మంట మీద నీలి టోపీ లేస్తుందేమోనని చూస్తూ నిలబడతాడు; అది లేస్తే గ్యాసు ఉన్నట్టు. తర్వాత కర్ర ఎత్తి కప్పును కొడతాడు, ఆగి వింటాడు, నాలుగడుగులు వేస్తాడు, మళ్ళీ కొడతాడు. టక్. టక్. నా క్లాసులో బల్ల మీద విన్న లయ అదే. రెండో జంక్షన్ దాటి మూడో ప్రాపు దగ్గర శబ్దం మారింది. అప్పుడు నాక్కూడా తెలిసింది. డొల్లగా, లోపలెవరో తలుపు తట్టినట్టు వినిపించింది. పైకి చూస్తే కప్పు నున్నగా, ఏ పగులూ లేకుండా ఉంది. నా కళ్ళకు మా ఇంటి స్లాబు కంటే బాగుంది.

"సారు, వెనకకు జరుగుండ్రి. ఆ ప్రాపు దాటి రాకుండ్రి," అన్నాడు. నన్ను ఆజ్ఞాపించిన విద్యార్థి నా సర్వీసులో అతనొక్కడే. కిక్కురుమనకుండా జరిగాను.

రెండు కర్రలు అడ్డంగా కట్టి దారి మూశాడు. టింబర్‌మెన్లను పిలిపించి, తాను పక్కనే నిలబడి కప్పు వైపు వింటూ అదనంగా రెండు ప్రాపులు నిలిపించాడు. చెక్కలు బిగించాక మళ్ళీ కొట్టి చూశాడు. అయినా అడ్డుకర్రలు తీయలేదు. పని మొత్తం గంటన్నర పట్టింది. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. నేను ఎందరో పండితుల సభలు చూశాను. అంత శ్రద్ధగా వినే మనుషుల్ని ఏ సభలోనూ చూడలేదు.

షిఫ్టు దిగి పైకి వచ్చి బిళ్ళలు ఇచ్చి, అతను రిపోర్టు పుస్తకం రాశాక, ల్యాంపు రూము పక్క బల్ల మీద అతనికి జవాబు పత్రం ఇచ్చాను. ముఖం కూడా కడుక్కోలేదు. కాగితం మీద అక్కడక్కడా వేలి మరకలు పడ్డాయి. నలభై నిమిషాల్లో రాశాడు. ఒక వాక్యం నాకు ఇప్పటికీ కంఠతా ఉంది. 'ది రూఫ్ నియర్ ది థర్డ్ ప్రాప్ ఫ్రమ్ ది సెకండ్ జంక్షన్ సౌండ్స్ హాలో.' రెండో జంక్షన్ నుంచి మూడో ప్రాపు దగ్గర కప్పు బోలుగా మోగుతోందని. ఎన్నో ప్రాపు, ఎక్కణ్ణుంచి, దేని దగ్గర అని ఒకదాని వెనక ఒకటి వచ్చిన పదబంధాలను విడదీయమని నేను బోర్డు మీద ఎన్నిసార్లు ఇచ్చానో లెక్కలేదు. నాకు అవి గీతలూ గడులే. ఇతను అవే మాటలను పట్టుకొని నన్ను చీకట్లో నడిపించి సరిగ్గా ఆ రాయి కింద, కాదు, ఆ రాయికి ఇవతల నిలబెట్టాడు. తర్వాతి షిఫ్టు సర్దార్ పుస్తకంలో ఈ సంగతి పట్టుకొనే అక్కడ ఆగుతాడు. ఒక పదబంధం జరిగితే మనిషి ఇంకో ప్రాపు కింద ఉంటాడు. వ్యాకరణం అంత బరువు మోస్తుందని ఎవరూ నాకు చెప్పలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు.

రాయడం అయ్యాక కాగితం నా వైపు తిప్పి, కింద ఖాళీ చోటు చూపించాడు. పుస్తకంలో అయితే చదివిన మనిషి సంతకం అక్కడ ఉంటుందట. "చదివి పెట్టుండ్రి సారు," అన్నాడు. మూడుసార్లు చదివాను. చూసిన ప్రతి చోటూ గుర్తు తెచ్చుకున్నాను. పెన్ను తీసి సంతకం చేశాను. ముప్పైకి ఇరవై ఆరు ఇచ్చాను. నాలుగు ఆర్టికల్స్ వదిలేశాడు, వాటికి కోయక తప్పలేదు. మిగిలిన ఇరవై ఏడు పేపర్లలో కోసిన మార్కులు మాత్రం ఆ సాయంత్రమే తిరిగి వేశాను.

తర్వాత వారం, ఆ రాయి పడిందా అని అడిగాను. "ఎందుకు పడ్తది సారు, కింద సపోర్టు పెట్టినం గద," అన్నాడు. ఏమీ జరగకపోవడమే ఆ పని ఫలితమని అర్థం చేసుకోవడానికి నాకు కొంత సమయం పట్టింది.

పై పరీక్షలో కూడా ఊహించి రాయమంటే ఏం చేయాలన్నది మాకు ఇంకా మిగిలిన చిక్కు. నిజంగానే అట్లాంటి ప్రశ్నే వచ్చింది. ఆశీర్వాదం జవాబు పైన ముందుగా ఒక వాక్యం రాసి, దాని కింద గీత గీసి, ఆ తర్వాత అడిగిందంతా రాశాడట. ఆ వాక్యం 'ఫర్ ఎగ్జామినేషన్ ఓన్లీ. నాట్ ఇన్‌స్పెక్టెడ్ బై మీ.' పరీక్ష కోసమే, నేను తనిఖీ చేసింది కాదు అని. ఆ ఉపాయం నేను చెప్పింది కాదు, అతనిదే. పాసయ్యాడు. మరుసటి ఏడు ఓవర్‌మెన్ అయ్యాడు. సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజు తండ్రిని వెంటబెట్టుకొని సెంటరుకు వచ్చాడు. ముసలాయన నా టేబుల్ మీది సర్టిఫికెట్ నకలును కొడుకు సంతకం ఉన్న చోట వేలితో తడిమి, నాకు నమస్కారం పెట్టి వెళ్ళాడు.

ఆ తర్వాత నా ప్రశ్నపత్రాల్లో 'ఊహించుకొని' అన్న మాట లేదు. ప్రతి బ్యాచ్‌నూ సెంటరు భవనం చుట్టూ తిప్పి, చూసింది రాయమనేవాణ్ణి. మార్కులు వేసేముందు నేనూ ఒకసారి చుట్టి వచ్చేవాణ్ణి.

2014 మే 31న రిటైరయ్యాను. ఇంకో రెండు రోజుల్లో రాష్ట్రం వస్తుందని ఊరంతా జెండాలు కడుతున్నారు. చార్జి అప్పగించే కాగితాలు తెచ్చిన గుమాస్తాకు కూడా తొందరగా ఉంది. బీరువా జాబితా ముందు పెట్టి, "సంతకం పెట్టుండ్రి సారు, ఎవలు చూస్తరు గిప్పుడు," అన్నాడు. అతన్ని కూర్చోమని చెప్పి తాళం తీశాను. ఒక్కో పుస్తకం తీసి జాబితాతో సరిచూసేసరికి మధ్యాహ్నమైంది. నాలుగు పుస్తకాలు లేవు.

అవి నా ఏడేళ్ళలో పోయాయా, నేను రాకముందే లేవా అన్నది చెప్పలేకపోయాను. లేనివి నాలుగూ పేర్లతో సహా రాసి సంతకం చేశాను. తర్వాత 2007 నాటి పాత జాబితా తెప్పించాను. 'స్వయంగా చూసుకొని స్వాధీనం చేసుకున్నాను' అన్న వాక్యం కింద నా సంతకం ఉంది. దాని పక్కన రిమార్కుల గడిలో 2014 మే 31 అని తేదీ వేసి, ఆశీర్వాదం వాక్యమే రాశాను: నాట్ ఇన్‌స్పెక్టెడ్ బై మీ.